బిడ్డ నేర్చే తీరు, యంత్రం నేర్చే తీరు

సూరత్ నగరం నుండి నైరుతి దిశగా సుమారు 20 కిలోమీటర్లు సాగి, అరేబియా సముద్రపు ఒడ్డున ఆగిపోయే బాటను డుమస్ రోడ్డు అంటారు. బాట చివరనున్న డుమస్ ఒక చిన్న ఊరు. అక్కడి నల్లని ఇసుక తీరానికి, వేడివేడి టొమాటో బజ్జీలకు సూరత్ ప్రజలలో మంచి ఆదరణ ఉన్నది. సెలవు దినం వచ్చిందంటే చాలు, కుటుంబాలు పిల్లాపాపలతో ఆ ఒడ్డుకు చేరుకుంటవి.

మానవుని బుద్ధికి, కంప్యూటరు బుద్ధికి గల భేదమేమిటో తెలుసుకోదలచిన వారికి ఈ బాట ఒక పాఠ్యగ్రంథం వంటిది. బాట మొదలయ్యే నగరంలో వేలకొలది మరమగ్గాలు ఆడుతున్నవి. నడుమ ఇచ్ఛానాథ్ వద్ద 1961లో స్థాపితమైన ఇంజనీరింగు కళాశాల, నేటి సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఉన్నది. చివరి మజిలీలో ఇసుకతో ఆడుకొనే పసిపిల్లలున్నారు. మగ్గం ఆజ్ఞను పాటిస్తుంది. కళాశాలలోని కంప్యూటరు ఉదాహరణల నుండి గ్రహిస్తుంది. పిల్లవాడు అనుభవించి తెలుసుకుంటాడు. పైకి మూడింటినీ మనం తెలివి అనే అంటాము. కాని ఆ తెలివి వచ్చిన దారులు వేరు.

ఈ విచారణ ఒకప్పుడు పండితుల గోష్ఠికే పరిమితమై ఉండేది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ అనే సంభాషణ యంత్రం లోకానికి అందుబాటులోకి వచ్చిన తరువాత అది ప్రతి ఇంటి విచారంగా మారింది. వ్యాసం వ్రాయమంటే వ్రాసి, లెక్క చేయమంటే చేసి ఇచ్చే యంత్రం చేతిలో ఉండగా, బిడ్డ కష్టపడి నేర్చుకోవడం ఎందుకని అడుగుతున్న తల్లిదండ్రులు ఉన్నారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, యంత్రానికి తెలివి ఎట్లా వచ్చిందో, బిడ్డకు ఎట్లా వస్తున్నదో ముందుగా గ్రహించాలి.

అట్టలు చెప్పినట్లు నేసే మగ్గం

సూరత్ వస్త్ర పరిశ్రమకు తెలుగు చేతులతో చిరకాల సంబంధం ఉన్నది. తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం అక్కడి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడి, మరమగ్గాల మీద జీవనం సాగిస్తున్నవి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉండడమే ఈ సంబంధం ఎంత గాఢమైనదో చెబుతుంది.

మగ్గానికీ కంప్యూటరుకూ చుట్టరికం ఉన్నదంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరవాసి జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఒక మగ్గాన్ని రూపొందించాడు. గట్టి అట్టలకు రంధ్రాలు చేసి, వాటిని దండగా కుట్టి మగ్గం పైభాగాన అమర్చేవారు. రంధ్రం ఉన్న చోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. లేని చోట లేపదు. ఈ రెండే రెండు మాటలతో, అనగా ‘ఔను’, ‘కాదు’ అనే వాటితో, ఎంతటి చిక్కని పూలతీగెనైనా నేయవచ్చు. నేటి కంప్యూటరు అంతరంగ భాష కూడ ఒకటి, సున్న అనే ఈ రెండు మాటలే.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830 దశకంలో తన విశ్లేషణ యంత్రానికి పథకం గీసినప్పుడు ఈ అట్టల పద్ధతినే అరువు తెచ్చుకున్నాడు. ఆ యంత్రాన్ని గూర్చి 1843లో వివరణలు ప్రకటించిన ఏడా లవ్‌లేస్ రెండు విషయాలు స్పష్టం చేసింది. మగ్గం పూలను నేసినట్లే ఈ యంత్రం గణిత సూత్రాలను నేస్తుంది. కాని తనంతట తానుగా దేనినీ పుట్టించగల శక్తి దానికి లేదు. మనం ఎట్లా ఆజ్ఞాపించాలో ఎరిగిన పనులను మాత్రమే అది చేయగలదు.

మగ్గం విషయంలో ఈ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నాడె చిక్కుకుంటే, పోగు తెగితే జకార్డు అట్టలకు ఆ సంగతి తెలియదు. తెలిసేది నేతగానికి. మోతలో వచ్చిన చిన్న మార్పును బట్టి ఏదో తేడా వచ్చిందని అనుభవజ్ఞుడు పసిగడతాడు. తెగిన పోగును వెదకి, కంటితో కంటె వేళ్ళతోనే ఎక్కువగా గ్రహించి, అతుకుతాడు. ఎట్లా కనిపెట్టావని అడిగితే అతడు పూర్తిగా చెప్పలేడు. తెలిసినదంతా మాటలలో పెట్టలేకపోవడం మానవ జ్ఞానానికి సహజం. యంత్రాలకు బుద్ధి నేర్పబూనిన శాస్త్రజ్ఞులు మొట్టమొదట తట్టుకొని పడినది ఈ రాతి మీదనే.

కాటూరు బిడ్డ, మాటలు వినే యంత్రం

ఇంగ్లండు గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1950లో ప్రకటించిన ఒక వ్యాసంలో చక్కని సూచన చేశాడు. పెద్దవాని మనస్సును అనుకరించే యంత్రాన్ని ఏకబిగిన నిర్మించబూనడం కంటె, పసివాని మనస్సు వంటి యంత్రాన్ని చేసి, దానికి చదువు చెప్పడం మేలని ఆయన భావం. కాని వెంటనే ఎక్కువ మంది శాస్త్రజ్ఞులు ఆ దారి పట్టలేదు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ మెకార్థీ ప్రభృతులు సమావేశమై ‘కృత్రిమ మేధ’ అనే శాస్త్రానికి నామకరణం చేసినప్పుడు, బుద్ధి యొక్క ప్రతి అంశాన్నీ నిర్దుష్టంగా వర్ణించవచ్చునని, వర్ణించినదానిని యంత్రానికి అప్పగించవచ్చునని వారు విశ్వసించారు. నియమాలు వ్రాసి ఇస్తే చాలును, బుద్ధి అదే వస్తుందని ఆనాటి ఆశ.

ఆ మెకార్థీ వద్ద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందినవాడు మన తెలుగువాడు రాజ్ రెడ్డి. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో జన్మించి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరిన ఆయన, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. ఆయన చేపట్టిన సమస్య వినడానికి సులభం, సాధించడానికి దుర్ఘటం: మనిషి సహజ ధోరణిలో మాట్లాడితే యంత్రం గ్రహించాలి.

ఇందులో కష్టమేమున్నదని పాఠకులు అనుకోవచ్చు. తెలుగులో ‘ఇదేమిటమ్మా’ అన్న పలుకును గమనించండి. ‘ఇది’, ‘ఏమిటి’, ‘అమ్మా’ అనే మూడు మాటలు ఒక్క ఊపిరిలో కలిసిపోయినవి. వ్రాతలో ఉండే ఖాళీ మాటలో ఉండదు. ఎక్కడ ఒక పదం ముగిసి మరొకటి మొదలైనదో చెవికి తెలియదు. భాష తెలిసిన మనస్సుకే తెలుస్తుంది. పైగా ఒకే మాటను ఇద్దరు ఒకే తీరున పలుకరు. ఒక్కరే రెండు పర్యాయాలు కూడ ఒకే తీరున పలుకరు.

రాజ్ రెడ్డి బృందం 1970 దశకం ఆరంభంలో ‘హియర్‌సే’ అనే వ్యవస్థను నిర్మించింది. ధ్వనులు, పదాలు, వ్యాకరణం, సందర్భం ఎరిగిన వేర్వేరు విభాగాలు పెద్దల పంచాయితీ వలె కూడి, ఒకదాని అభిప్రాయాన్ని మరొకటి సవరించుకుంటూ, పలికిన వాక్యమేమిటో నిర్ణయించేవి. 1976లో వచ్చిన ‘హార్పీ’ 1,011 పదాల పరిధిలో వాక్యాలను గ్రహించగలిగింది. వీటి వెనుక మనుష్యులు కూర్చి ఇచ్చిన జ్ఞానం మెండుగా ఉన్నది.

1980 దశకంలో మార్గం మారింది. రాజ్ రెడ్డి పర్యవేక్షణలో పరిశోధన చేసిన కై-ఫు లీ 1988లో ‘స్ఫింక్స్’ అనే వ్యవస్థను పూర్తిచేశాడు. అందులో నియమాలకు బదులు గణాంకాలకు పెద్దపీట వేశారు. అనేకులు పలికిన వాక్యాలను యంత్రానికి వినిపించి, ఏ ధ్వని తరువాత ఏ ధ్వని ఎంత తరచుగా వస్తుందో దానినే లెక్కకట్టనిచ్చారు. ఫలితంగా, ముందెన్నడూ వినని మనిషి గొంతును కూడ అది అర్థం చేసుకోగలిగింది. చెప్పి నేర్పించడం కంటె చూపి నేర్పించడం యంత్రానికి బాగా పట్టుబడుతుందని ఈ అనుభవం తేల్చింది. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి రాజ్ రెడ్డికి లభించింది. నియమాల యుగం నుండి ఉదాహరణల యుగానికి జరిగిన మార్పు ఒక తెలుగువాని ప్రయోగశాలలో ఆ విధంగా కళ్ళకు కట్టింది.

ఖాళీలు పూరించే విద్య

నేటి భాషా యంత్రాలు ఈ మార్గంలోనే చాలదూరం పోయినవి. అవి నేర్చే పద్ధతిని ఒక బడి అభ్యాసంతో పోల్చవచ్చు. ‘వాన కురిసి చెరువు...’ అని వాక్యాన్ని సగంలో ఆపి, తరువాతి మాట ఏదని యంత్రాన్ని అడుగుతారు. మొదట అది గుడ్డిగా ఏదో చెబుతుంది. ‘నిండింది’ అనే అసలు మాటతో సరిపోల్చి, తప్పు ఎంత ఉన్నదో లెక్కించి, ఆ తప్పు కొంచెం తగ్గేటట్లు తనలోని కోట్లకొలది అంకెలను ఇసుమంత జరుపుకుంటుంది. ఈ సవరణ పద్ధతిని రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ అనే ముగ్గురు 1986లో ప్రసిద్ధికి తెచ్చారు. ఒక వాక్యం ముగియగానే మరొక వాక్యం. గ్రంథాలయాలకు గ్రంథాలయాలు ఈ విధంగా గడిచిపోతవి. చివరకు ఆ అంకెలలో వ్యాకరణం, లోకజ్ఞానం, తర్కం ఛాయామాత్రంగా కాదు, ఉపయోగపడేటంతగా నిలుస్తవి.

ఇందుకు ఎంత సామగ్రి కావాలి? 2020లో వెలువడిన జీపీటీ-3 అనే యంత్రానికి శిక్షణలో చూపిన మాటల ముక్కలు సుమారు 30,000 కోట్లు. ఒక బిడ్డ ఏడాదికి కోటి మాటలు వింటాడని ధారాళంగా లెక్కవేసినా, పదేళ్ళు వచ్చేసరికి విన్నవి పది కోట్లు. అనగా యంత్రం చూసినది దానికి మూడు వేల రెట్లు. అయినా ఆ పదేళ్ళ బిడ్డ కథ చెప్పగలడు, అబద్ధమాడగలడు, అలుగగలడు, అలిగిన చెల్లెలిని నవ్వించగలడు. సూరత్‌లోని తెలుగు ఇంటి బిడ్డ అయితే ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, అంగడిలో హిందీ కలిపి ఆ పది కోట్లలోనే సర్దుకుంటాడు.

ఆటల విషయం చూచినా ఇదే. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి తన తండ్రి వద్ద చదరంగం అభ్యసించి, 2002లో 15 ఏళ్ళ వయస్సులో గ్రాండ్‌మాస్టర్ అయినది. చదరంగంలో 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన ‘డీప్ బ్లూ’ కంప్యూటరు సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. అంతకంటె చిక్కైన ‘గో’ అనే ఆటను 2017లో ‘ఆల్ఫాగో జీరో’ మనుష్యుల ఆటలేవీ చూడకుండా, తనతో తాను ఆడుకుని నేర్చింది. మూడు దినాలలో అది ఆడుకున్న ఆటలు 49 లక్షలు. మనిషి దినానికి పది ఆటల చొప్పున అరవై ఏళ్ళపాటు విడువక ఆడినా అవి 2,19,000 మాత్రమే అవుతవి.

మానవ మస్తిష్కంలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నవి. అది వినియోగించే శక్తి దాదాపు 20 వాట్లు. ఒక చిన్న విద్యుద్దీపానికి సరిపోయేటంత. ఇంత తక్కువ శక్తితో, ఇంత తక్కువ సామగ్రితో అంత బుద్ధి ఎట్లా వస్తున్నదనేది నేటికీ శాస్త్రజ్ఞులను వేధిస్తున్న ప్రశ్న.

యంత్రపు ఘనతను తక్కువ చేయడం మాత్రం న్యాయం కాదు. ఒక యంత్రం నేర్చినది క్షణాలలో వేల యంత్రాలకు నకలు చేయవచ్చు. మనిషి విషయంలో ఆ సదుపాయం లేదు. తండ్రి ఎంతటి గణితవేత్త అయినా కుమారుడు ఎక్కాల నుండి మొదలుపెట్టవలసినదే. శరీరంలోని మాంసకృత్తుల ఆకృతులను ఊహించగల ‘ఆల్ఫాఫోల్డ్’ వంటి సాధనం జీవశాస్త్రానికి చేసిన మేలుకు గుర్తింపుగా 2024లో దాని నిర్మాతలు హసాబిస్, జంపర్ రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం పొందారు. యంత్రం నేర్చినది నిజంగానే నేర్చింది. మనం చూడవలసినది అది నేర్చిన దారి.

ఇసుక చెప్పే పాఠం

ఇక డుమస్ ఒడ్డుకు పోదాం. అక్కడ సముద్రపు పోటుపాట్లు చాల ఎక్కువ. పాటు సమయంలో నీరు దూరానికి తొలగిపోయి, విశాలమైన తడి నేల బయటపడుతుంది. నాలుగేళ్ళ పిల్ల ఆ ఇసుకతో గుడి కట్టబూనుకున్నదనుకొందాం. పొడి ఇసుక జారిపోతుంది. మరీ తడి ఇసుక కరిగి కూలిపోతుంది. రెండింటి నడుమ ఒక పాకం ఉన్నదని ఆ పిల్లకు చేతులు చెబుతవి. కూలినప్పుడు ఏడుస్తుంది, మరల కడుతుంది. పక్కన కూర్చున్న అమ్మమ్మ ‘అడుగున వెడల్పు చెయ్యి తల్లీ’ అని ఒక్క మాట అంటే, ఆ ఒక్క మాట అంతవరకు కూలిన గుడులన్నింటికీ కారణం చెప్పినట్లవుతుంది. వేయి ఉదాహరణలు అక్కరలేదు.

ఈ చిన్న ఆటలో మూడు అంశాలు ఉన్నవి: సొంత చేష్ట, సొంత కోరిక, పక్కన ఒక మనిషి. వీటిలో సొంత చేష్టకు, పక్కనున్న మనిషికి నేర్చుకోవడంలో ప్రాధాన్యం ఉన్నదని ప్రయోగాలు చూపినవి.

1963లో రిచర్డ్ హెల్డ్, ఆలన్ హైన్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనలను జంటలుగా చీకటిలో పెంచి, వెలుతురులో ఉండే కొద్దిసేపూ ఒక తిరుగుడు యంత్రానికి కట్టారు. ఒక కూన తన కాళ్ళతో నడిచేది. రెండవది బుట్టలో కూర్చుని, మొదటిది ఎటు తిరిగితే అటు తిరిగేది. రెండూ చూచిన దృశ్యాలు ఒకటే. అయినా నడిచిన కూనకు చూపు చక్కగా పనిచేసింది. బుట్టలోని కూన మాత్రం ఎదురుగా వస్తున్న అంచును గుర్తించి పాదం చాచలేకపోయింది, లోతైన పల్లాన్ని చూచి వెనుకాడలేకపోయింది. చూచిన మాత్రాన చూపు రాదు, కదిలి చూడాలి. లోకంలోని వ్రాతలన్నీ చదివిన యంత్రం ఒక విధంగా ఈ బుట్టలోని కూన వంటిది. లోకం దాని ముందు నుండి సాగిపోయింది. తానుగా అది అడుగు వేయలేదు.

మనిషి అవసరాన్ని తెలిపే ప్రయోగం 2003లో పాట్రీషియా కూల్ బృందం ప్రకటించింది. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న తొమ్మిది నెలల అమెరికను శిశువులకు పన్నెండు పర్యాయాలు చీనా భాష వినిపించారు. చీనా వనిత ఎదుట కూర్చుని ఆడిస్తూ, చదివి వినిపించినప్పుడు శిశువులు ఆ భాషలోని ధ్వనుల భేదాలను పట్టుకున్నారు. అదే పాఠాన్ని దూరదర్శిని తెరమీద చూపినప్పుడు, లేదా శబ్దం మాత్రమే వినిపించినప్పుడు వారికి ఏమీ అబ్బలేదు. మాటలు అవే, మనిషి లేడు.

అట్లని శిశువు లెక్కలు కట్టడనుకోరాదు. 1996లో జెన్నీ సాఫ్రన్ ప్రభృతులు ఎనిమిది నెలల శిశువులకు అర్థంలేని అక్షరాల ధారను రెండు నిమిషాలు వినిపించి చూచారు. ఏ అక్షరం వెంట ఏది తరచుగా వస్తున్నదో గ్రహించి, ఆ ధారలో పదాల ఎల్లలను శిశువులు గుర్తించారు. రాజ్ రెడ్డి బృందం యంత్రానికి ఎంతో శ్రమించి అలవరచిన విద్య ఇటువంటిదే. కనుక గణాంకం బిడ్డకూ ఉన్నది, యంత్రానికీ ఉన్నది. బిడ్డ ఆ గణాంకాన్ని ఆకలికి, ఆటకు, అమ్మ ముఖానికి ముడివేసుకుంటాడు. యంత్రానికి ముడివేసుకోవడానికి మరొక మాట తప్ప ఏమీ లేదు. అందుకే అది ఒక్కొక్కప్పుడు లేని గ్రంథం పేరును, జరగని సంఘటనను నిస్సంకోచంగా చెబుతుంది. వాక్యం సరిగా కుదిరినది. లోకంతో సరిపోయినదా లేదా అని తెలుసుకునేందుకు దానికి ఇసుక లేదు.

రాజ్ రెడ్డి ప్రథమ సంచాలకుడుగా 1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థలో పనిచేసిన హాన్స్ మోరావెక్ 1988లో ఒక వింతను ఎత్తిచూపాడు. పెద్దలు కష్టమనుకొనే తర్కం, చదరంగం యంత్రానికి సులభం. ఏడాది బిడ్డ చేసే చూడడం, పట్టుకోవడం, నడవడం దానికి మహాకష్టం. జీవకోటి యుగయుగాలుగా సాధన చేసి మన శరీరంలో నిలిపిన విద్యలు కాబట్టి అవి మనకు విద్యలుగానే తోచవు. వెనుకటి వీధిబడులలో పంతులుగారు పిల్లవాని వేలు పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దించేవారు. అక్షరం కంటికంటె ముందు వేలికి తెలియాలన్న ఎరుక ఆ పద్ధతిలో ఉన్నది.

చేతికి వచ్చిన జవాబు, తలకెక్కిన చదువు

ఈ భేదం తెలియక పోతే నష్టమేమిటి? దీనికి ఒక ప్రయోగం స్పష్టమైన సమాధానం ఇచ్చింది. తుర్కియే దేశంలో సుమారు వేయిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిపిన గణిత అధ్యయన ఫలితాలను 2024లో ప్రకటించారు. కొందరికి సంభాషణ యంత్రాన్ని యథాతథంగా ఇచ్చారు. కొందరికి ఉపాధ్యాయుల సూచనల మేరకు జవాబు చెప్పకుండా మెట్టుమెట్టుగా ఆలోచనను నడిపించే యంత్రాన్ని ఇచ్చారు. మిగిలినవారికి ఏ యంత్రమూ ఇవ్వలేదు. అభ్యాస సమయంలో యంత్రం ఉన్నవారు బాగా ముందున్నారు. మొదటి వర్గం వారి మార్కులు 48 శాతం పెరిగినవి. తరువాత యంత్రం తీసివేసి పరీక్ష పెట్టగా, ఆ వర్గం వారే అసలు యంత్రం ఎరుగని వారికంటె 17 శాతం వెనుకబడ్డారు. ఆలోచనను నడిపించే యంత్రం వాడినవారిలో మాత్రం ఈ నష్టం చాలవరకు కనిపించలేదు.

ఈ ఫలితం యంత్రాన్ని నిందించడానికి పనికిరాదు. దాని స్థానాన్ని నిర్ణయించడానికి పనికివస్తుంది. పని పూర్తి కావడమే లక్ష్యమైన చోట యంత్రం గొప్ప సహాయకారి. నేతగాడు లెక్కకట్టవలసిన పోగుల సంఖ్యను యంత్రం కడితే ఎవరికీ నష్టం లేదు. కాని చదువులో పని ఒక నెపం మాత్రమే. పంతులుగారికి ఆ లెక్క జవాబు ముందే తెలుసు. ఆయనకు కావలసినది ఆ జవాబును వెదకడంలో పిల్లవాని మనస్సు పొందే మార్పు. జవాబును యంత్రం ఇచ్చినప్పుడు పని జరిగింది, మార్పు జరగలేదు. బుట్టలో కూర్చున్న కూన వలె పిల్లవాడు గమ్యం చేరాడు, నడక మాత్రం రాలేదు.

కాబట్టి ఇంటిలోను బడిలోను కొన్ని అలవాట్లు చేసుకోవడం మంచిది. పిల్లవాడు ముందు తాను ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయాడో గుర్తించిన తరువాతనే యంత్రాన్ని అడగాలి. జవాబు అడగడానికి బదులు, తన ప్రయత్నంలో తప్పెక్కడ ఉన్నదో అడగాలి. యంత్రం చెప్పినదానిని పుస్తకంతోనో, పెద్దలతోనో, కళ్ళెదుట ఉన్న వస్తువుతోనో సరిచూడాలి. చివరగా, తెలుసుకున్నదానిని మరొకరికి తన మాటలలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది ఇంకా యంత్రం సొత్తే, తన సొత్తు కాలేదు. బొత్తిగా చిన్నపిల్లలకైతే యంత్రం కంటె ఇసుక, మట్టి, కథ చెప్పే మనిషి ఎక్కువ మేలు చేస్తవి.

భాష విషయంలో కూడ ఒక హెచ్చరిక అవసరం. యంత్రం నేర్చేది వ్రాతకెక్కినదానిని, ధ్వనిముద్రణకు ఎక్కినదానిని మాత్రమే. ఇంగ్లీషులో ఉన్న వ్రాత తెలుగులో లేదు. సూరత్ మరమగ్గాల పేటలలో గుజరాతీ పలుకుబడి కలిసిన తెలంగాణపు తెలుగు వ్రాతలో మరీ అరుదు. మగ్గపు భాగాలకు, పోగుల గుణాలకు నేతగాండ్ర నోట ఉన్న పేర్లు అనేకం ఏ పుస్తకంలోను చేరలేదు. వాటిని ఎంత పెద్ద యంత్రమైనా ఊహించి చెప్పలేదు. తాత నుండి మనుమనికి అవి చేరవలెనంటే ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి, మాట్లాడుకోవాలి. ఆ మాటలను వ్రాసిపెట్టేవారు వ్రాసిపెడితే యంత్రానికీ మేలే, భాషకూ మేలే.

పిల్లవానికి చదువెందుకని అడిగిన తల్లిదండ్రులకు చెప్పదగిన సమాధానం ఇది. కోట్లమంది మనుష్యులు బ్రతికి, తప్పులు చేసి, దిద్దుకుని, వ్రాసి ఉంచిన ఫలం నుండి యంత్రం తన తెలివిని కూడబెట్టింది. బిడ్డ ఆ తెలివిని తన ఒక్క బ్రతుకులో, తన తప్పులతో సంపాదించుకోవలసి ఉన్నది. యంత్రం ఫలాన్ని పంచి పెట్టగలదు. అది చెప్పినది మంచో చెడో, నిజమో కాదో తేల్చుకోవలసిన బరువు మాత్రం బిడ్డ మీదనే ఉంటుంది. ఆ బరువు మోయగల బలం, గుడి కూలినా మరల కట్టిన చేతులకే వస్తుంది. నేటి పిల్లలకు ఆ అవకాశం, ఆ తీరిక మిగల్చడం పెద్దల బాధ్యత.